పేరు చెప్పిన మనిషి

ఎస్కిల్ భార్యను గ్రిమ్‌హోల్ట్ దొర చంపాడు.

వేన్ సరస్సు ఒడ్డున ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. జ్వరంతో ఉన్న రాన్‌వేగ్‌ను దొర పొలంలో బంగాళాదుంపలు తవ్వడానికి వెట్టికి పిలిచారు. మూడు రోజులు వానలో తవ్వింది. నాలుగో రోజు చాళ్ళలోనే పడిపోయింది.

దొరను ఎస్కిల్ ఎన్నడూ చూడలేదు. ఆయన ఏడాదిలో పది నెలలు రాజధానిలోనే ఉంటాడు. ఒక మనిషిని అసహ్యించుకోవడానికి చూడాల్సిన పనేముంది?

రెండేళ్ళు గడిచాయి. ఇప్పుడు కూతురు టీరా వంతు. పిల్లకు పదహారు నిండగానే, సోమవారం పొలానికి రమ్మని పెత్తందారు చీటీ పంపాడు.

ఒక్కటే ఆశ మిగిలింది. గురువారం సాయంత్రం అయిదింటికి, సరస్సు అవతల రాజధానిలోని చట్టసభలో, వెట్టి రద్దు బిల్లు మీద ఓటింగ్. నెగ్గితే టీరా వెళ్ళనక్కర్లేదు. ఓడితే ఏడేళ్ళ దాకా ఆ బిల్లు మళ్ళీ పెట్టకూడదు.

బిల్లు పెట్టింది ఎవరో బయటికి తెలియదు. ఆ దేశంలో అది ఆచారం. మనిషి మొహం చూసి ఓటు వేస్తారని, పేరు రాసిన కవరుకు లక్క ముద్ర వేసి ఉంచుతారు. ఓట్లు లెక్కపెట్టాకే విప్పుతారు; ముందే బయటపెడితే బిల్లు చెల్లదు.

"ఎవరో పుణ్యాత్ముడు," అనేవాడు ఎస్కిల్. "చెప్పులు కుట్టేవాడి కొడుకై ఉంటాడు. దొరల కడుపున అలాంటివాడు పుట్టడు."

గురువారం పొద్దున తొమ్మిదింటికి ఎస్కిల్ పడవ నడిపే రేవుకి ఒక ముసలాయన నడిచి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. కోటు మీద మంచు.

"అవతలి ఒడ్డుకి పోవాలి, బాబూ. అయిదులోపు నేను అక్కడుండాలి."

"రెండు గంటల్లో దింపుతా. పేరు చెప్పి ఎక్కండి."

వేన్ మీద పడవ ఎక్కేవాడు పేరు చెప్పాలి. నీళ్ళలో మునిగి పోతే ఎవరి పేరున చర్చి గంట కొట్టించాలో పడవవాడికి తెలియాలి కదా.

ముసలాయన టోపీ తీశాడు.

"హెర్మోద్ గ్రిమ్‌హోల్ట్."

ఎస్కిల్ తెడ్డు కింద పెట్టాడు.

"దొరగారా! కాలినడకన వేంచేశారే. గుర్రాలన్నీ చచ్చాయా?"

"నిన్న మా తమ్ముడు తోలుకుపోయాడు. నేను సభకు వెళ్ళడం వాడికి ఇష్టం లేదు."

"నాకూ లేదు."

"నేను వెట్టి తీసేయమని ఓటు వేయడానికే వెళ్తున్నాను."

ఎస్కిల్ గట్టిగా నవ్వాడు.

"అబ్బో! మరి మీ పొలంలో మీరే తీసేయొచ్చుగా? చెయ్యి ఎవరు పట్టుకున్నారు?"

"తీసేస్తే చట్టం ప్రకారం ఎస్టేటు తమ్ముడికి పోతుంది. వాడు వారానికి మూడు రోజుల వెట్టిని ఆరు రోజులు చేస్తాడు."

"బాగా చెప్తారు కథలు. నా పెళ్ళాం మీ చాళ్ళలో పడిపోయిన రోజున ఏ కథ చెప్పారు?"

ముసలాయన మొహం పాలిపోయింది.

"నువ్వు... రాన్‌వేగ్ భర్తవా?"

"ఆ పేరు మీ నోట రాకూడదు!"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. ఆగిపోయాడు.

"ఇంకో పడవ ఉందా?"

"ఉన్నాయి. అన్నీ మావాళ్ళవే. నేను వద్దంటే ఒక్కటీ కదలదు."

"దారి?"

"సరస్సు చుట్టూ తిరిగి పాతిక మైళ్ళు. బురద. మీ దుంపల చేను కన్నా నయమేలెండి."

ముసలాయన బతిమాలలేదు. కోటు గుండీలు పెట్టుకుని సరస్సు వెంట నడక మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం ఎస్కిల్ ఈల వేస్తూ చేపలు వేయించాడు.

"ఏంటి నాన్నా, ఇంత హుషారు?" అంది టీరా.

"సోమవారం నువ్వు పొలానికి పోవట్లేదు. అంతే."

ఆదివారం ప్రార్థన అయ్యాక పాదిరిగారు చర్చి మెట్ల మీద నిలబడి, రాజధాని నుంచి వచ్చిన పత్రిక చదివారు.

"వెట్టి బిల్లుకి అనుకూలం నలభై ఒకటి. వ్యతిరేకం నలభై ఒకటి. సమానమైతే ఓడినట్టే."

ఆడవాళ్ళలో ఎవరో ఏడ్చారు. టీరా ఏడవలేదు. తన చేతులు చూసుకుంది.

"రాని సభ్యుడు ఒక్కడే," పాదిరిగారు చదువుతున్నారు. "పదిహేడో మైలు రాయి దగ్గర చలికి బిగుసుకుపోయి కనిపించాడు. హెర్మోద్ గ్రిమ్‌హోల్ట్."

"పీడ పోయింది," అన్నాడు ఒకడు.

పాదిరిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"కవరు విప్పారట. బిల్లు పెట్టినవాడి పేరు కూడా అదే. ఎందుకు పెట్టావన్న చోట ఇలా రాశాడు: 'నా పొలంలో రాన్‌వేగ్ అనే మనిషి వెట్టి చేస్తూ చనిపోయింది. నెల తర్వాత గానీ నాకు తెలియలేదు. ఇంకొకరు అలా పోకూడదు.'"



"అంత దూరం నడవడమేంటి?" పాదిరిగారు తల ఎత్తారు. "ఒరే ఎస్కిల్, గురువారం నువ్వు రేవులోనే ఉన్నావుగా. నీ దగ్గరికి రాలేదా?"

వేరే ఏ పేరు చెప్పినా సరిపోయేది. పదకొండింటికల్లా అవతలి ఒడ్డున దింపి ఉండేవాడు.

 ఎస్కిల్ జనాన్ని తోసుకుంటూ గంట గదిలోకి వెళ్ళి తాడు పట్టుకున్నాడు. పడవవాడికి పేరు చెప్పి పోయినవాళ్ళకు కొట్టే తొమ్మిది దెబ్బలూ కొట్టాడు.

"ఎవరికి నాన్నా?" గుమ్మంలో నిలబడి అడిగింది టీరా.

"అడగకు."

సోమవారం పొలానికి పోతూ మళ్ళీ అడిగింది. బొబ్బలెక్కిన చేతులతో తిరిగొచ్చి మళ్ళీ అడిగింది. ఆ గురువారం గురించి ఎస్కిల్ చచ్చేదాకా నోరు విప్పలేదు.