మాట వచ్చింది, బొమ్మ రాలేదు

‘ఫైలు ఇంపోర్ట్ కాలేదు’ అని లాప్‌టాప్ పదకొండోసారి చెప్పింది.

జయరావు కళ్లజోడు తుడుచుకుని పన్నెండోసారి నొక్కాడు.

ముప్పై నాలుగేళ్ల గుమాస్తా ఉద్యోగంలో ఎవరి ఫైలూ ఒక్కరోజు ఆపని మనిషి. రిటైరై నెల కాలేదు, ఆయన ఫైలే ఆగిపోయింది. దాన్ని కదిలించడానికి ఎవరికి ఎంత ఇవ్వాలో లాప్‌టాప్ చెప్పడం లేదు.

అది ఆఫీసులో జరిగిన వీడ్కోలు సన్మానం వీడియో. రికార్డు అసిస్టెంటు ఢిల్లీబాబు పంపించాడు. ఆఫీసులో ఎవరు రిటైరైనా ఢిల్లీబాబే ఫోను ఎత్తి పట్టుకుంటాడు. ఫోను నిండిపోతోందని అన్నింటినీ కంప్రెస్ చేసి, పిండి పిండి దాచుకుంటాడు. అడిగినవాళ్లకు వెతికి ఒకటి పంపుతాడు.

దానికి ముందు బంగారు అక్షరాల్లో తన పేరు, వెనక వేణువు పాట, పైనుంచి రాలే పూలు పెట్టాలని జయరావు ఆశ. ఆదివారం బావమరిది విజయ్ కుమార్ వస్తున్నాడు. ఆలోపు అన్నీ అతికించి టీవీలో చూపించాలి. అప్పుడుగానీ ఆఫీసరు తన గురించి ఏం చెప్పాడో జయరావుకూ తెలియదు. సన్మానం నాడు ఆయన కుర్చీని సరిగ్గా సౌండు బాక్సు పక్కనే వేశారు. చెవిలో గుయ్‌మనడం తప్ప ఒక్క ముక్కా వినపడలేదు. చప్పట్లు కొట్టినప్పుడల్లా లేచి దండం పెట్టాడు.

భార్య కోమలి వంటింట్లోంచి తొంగి చూసింది.

“ఏమయ్యా, ఇంకా రాలేదా నీ బొమ్మ? నిమ్మకాయ కోసి దిష్టి తీసేదా దానికి?”

“రానీ. ఆఫీసరు ఏం చెప్పినాడో నువ్వే వింటావు.”

“ముప్పై నాలుగేండ్లుగా సూస్తా ఉండాను. నాకు ఇంకోడు చెప్పల్లా? నీతోపాటు చేరినోడే గదా ధనంజయన్న! తిరుపతి రోడ్డులో మూడంతస్తులు లేపినాడు. మనం ఇంకా బాడుగింట్లో కుళాయి కాడ లైన్లో ఉండాము.”

“ఆయప్ప చెయ్యి చాపకుండా ఒక్క సంతకం పెట్టినాడా?”

“చాపినోడికీ శాలువానే, చాపనోడికీ శాలువానే. మార్చిలో ఆయన సన్మానానికి నువ్వూ పోయినావు గదా, ఏం చెప్పినారు ఆడ?”

జయరావు ఆలోచించాడు. “ఏమో. వడ బాగుండింది.”

లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాడు. సాఫ్ట్‌వేరు తీసేసి మళ్లీ ఎక్కించాడు. ఫైలుకు పేరు మార్చాడు, చోటు మార్చాడు, పేరు చివర ఉన్న మూడక్షరాలు కూడా మార్చాడు. యూట్యూబులో ఒక హిందీ మనిషి చెప్పినట్టల్లా, హిందీ రాకపోయినా చేశాడు.

నాలుగోరోజు పొద్దున ఫైలు సగం కనికరించింది. మాట వచ్చింది. బొమ్మ రాలేదు. నల్లటి తెర మీద ఆఫీసరు గొంతు గంభీరంగా మోగింది.

“వీరు పరాయి సొమ్ము ఒక్క రూపాయి ముట్టని మనిషి. పేదవాడి కాగితం వీరి బల్ల మీద ఒక్క రాత్రి నిద్ర చేయలేదు. వీరి నిజాయితీయే వీరి ఆస్తి!”

ఆఫీసరు ఎవరినీ పేరు పెట్టి పిలవడు. అందరూ ఆయనకు ‘వీరు’. అది మర్యాద అని జయరావు నమ్మకం.

చప్పట్లు మోగాయి. జయరావుకు కళ్లు మసకబారాయి. కోమలిని పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడి వింది. రెండోసారి కూర్చుని వింది.

“ఇదంతా నీ గురించేనా?”

“ఇంకెవురి గురించి?”

మర్నాడు అడక్కుండానే కాఫీ వచ్చింది. చక్కెర కూడా సరిపోయింది. ఇంటి ఓనరు చంద్రకాంతమ్మ కుళాయి సంగతి మాట్లాడటానికి వస్తే, కోమలి ఆమెను కూర్చోబెట్టి మొత్తం వినిపించింది.

“ఒక్క రూపాయి ముట్టలేదంటక్కా మా ఆయన!”

ముప్పై నాలుగేళ్లుగా తిట్టుగా వాడిన మాట అది. ఆ రోజు బిరుదులా పలికింది.

జయరావు ఆ నల్లటి తెర మీద తన పాస్‌పోర్టు సైజు ఫొటో అతికించి బంధువుల గ్రూపులో పెట్టాడు. నలభై ముగ్గురు దండాలు పెట్టారు.

ఆదివారం విజయ్ కుమార్ పాకాల నుంచి దిగాడు. మొత్తం విన్నాడు.

“బాగుండాది బావా. అయితే నీ మొగం కదల్లేదేంది? ఫొటోకి సన్మానం చేసినారా?”

జయరావుకు పౌరుషం వచ్చింది. వీధి చివర పెళ్లి వీడియోల షాపు జుల్ఫికర్‌ను ఇంటికి పిలిచాడు. జుల్ఫికర్ తన లాప్‌టాప్‌తో వచ్చి ఫైలు చూశాడు.

“సార్, ఇది కొత్త పద్ధతిలో పిండినారు. మీ సాఫ్ట్‌వేరు పాతది. దానికి మాట తెలస్తాది, బొమ్మ తెలీదు. వేరే రకంలోకి మారిస్తే వచ్చేస్తాది. పదినిమిషాలు.”

ఆ పదినిమిషాల్లో కోమలి పట్టుచీర కట్టుకుంది. చంద్రకాంతమ్మనూ పక్క పోర్షన్ వాళ్లనూ పిలుచుకొచ్చింది. జయరావు టీవీ ఎదురుగా కుర్చీ వేసుకుని, ఎందుకైనా మంచిదని సన్మానం శాలువా కప్పుకున్నాడు.

“కరెంటు పోకుండా ఉంటే సాలు” అంది కోమలి.

పోలేదు. జుల్ఫికర్ వైరు టీవీకి తగిలించి నొక్కాడు. ఇంపోర్ట్ అయింది. తప్పు చూపించలేదు.

“ఒక్క రూపాయి ముట్టని మనిషి” అంటుండగా తెర మీది నలుపు విడిపోయింది. పూలదండలో ధనంజయ నవ్వుతూ కూర్చుని ఉన్నాడు, మొదటి వరసలో లేచి నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నది జయరావు.