విడిపోనివాళ్ల లెక్క

“వంద పెళ్లిళ్లకి యాభై విడాకులట! సగం పోతున్నాయి. నేను చేసుకోనమ్మా,” అంటూ పేపరు నా ముందు పడేసింది మా అమ్మాయి. అబ్బాయి వాళ్లకి సాయంత్రంలోగా జవాబు చెప్పాలి.

నాకు ఒళ్లు మండింది. “ఆ వందా ఈ ఏడు జరిగిన పెళ్లిళ్లు. ఆ యాభై ఎప్పుడెప్పుడో పెళ్లయినవాళ్లందరిలోంచి వచ్చినవి. ఈ ఏడు వందమంది పుట్టి యాభైమంది పోతే, పుట్టినవాళ్లలో సగం పోయినట్టటే?”

“అమ్మడూ, చొక్కా బొత్తాం ఊడిందని మీ అమ్మతో చెప్పు!” హాల్లోంచి మా ఆయన కేక.

“సూదీదారం బీరువాలోనే ఉన్నాయని మీ నాన్నతో చెప్పు,” అన్నాను.

మధ్యలో ఉన్నది ఒక్క గుమ్మం. పదకొండేళ్లుగా మాకు టపా మోసేది ఈ పిల్లే.

ఈసారి కదల్లేదు. “మీరిద్దరూ ఏ లెక్కలోకి వస్తారమ్మా?”

“మేమేం విడిపోలేదుగా!”

“అదే. బాగున్నవాళ్లలో కలిపేసి ఉంటారు.”

డిగ్రీలో స్టాటిస్టిక్స్ నాకు ఫస్టు క్లాసు. ఆ లెక్క అక్కడే వదిలేశాను. లేచి హాల్లోకి వెళ్లాను.

“పిల్ల ఆలోచించుకోవాలి. అబ్బాయి వాళ్లని ఇంకో నెల గడువడగండి,” అన్నాను.

ఆయన ఉలిక్కిపడి, అమ్మాయి ఎక్కడుందా అని నా వెనక వెతికారు.