మంచు దేశం చూసివచ్చిన తీతువు

పెద్దబాతుల వెంట మంచు దేశం పోయిన సూరప్ప అనే మగ తీతువు పిట్ట మండువేసవిలో చెరువుగట్టుకు తిరిగివచ్చాడు. అక్కడ భార్య పోలమ్మ గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టి కాచుకుని ఉంది. ఎండ ముదిరితే తండ్రి నీళ్లలో పొట్ట తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరచాలి. తీతువుల ఇళ్లలో అది కట్టుబాటు. ఎంత దూరం తిరిగివచ్చినవాడికైనా ఆ వంతు తప్పదు.

సూరప్ప మాత్రం మంచు దేశపు అలవాటు వదలక, ఆ ఎండలోనూ వణుకుతూ గుడ్లమీద ఎండుగడ్డి, ఈకలు కప్పసాగాడు.

"అదేం పనయ్యా?" అంది పోలమ్మ.

"పిల్లలకు చలి వేయదూ? అక్కడ మర్యాదస్తులంతా ఇలాగే కప్పుతారు."

"చలా? నీ కాళ్లకింద రాయి పొగలు కక్కుతోంది."

"పొగ చలికే వస్తుంది. అక్కడ నా నోట్లోంచి కూడా వచ్చేది."

"అయితే బాగా కప్పు. సాయంత్రానికి గుడ్లు ఉడుకుతాయి. నీ మర్యాదస్తులను భోజనానికి పిలుద్దాం."

సూరప్ప నవ్వి, ఒక గుడ్డుకు చెంప ఆనించాడు. చెంప చురుక్కుమంది. లోపల బిడ్డ గిలగిల కొట్టుకుంటోంది. అతడు గడ్డినంతా కాళ్లతో చిమ్మేసి, చెరువుకు పరుగెత్తి, పొట్ట తడుపుకొని వచ్చి గుడ్లమీద కూర్చున్నాడు.

పోలమ్మ రెక్కలు దులుపుకుంది. "ఇప్పుడు చెప్పు, ఆ దేశం ఎలా ఉంటుంది?"

"తరవాత చెబుతానే. పొట్ట ఆరిపోతోంది," అని సూరప్ప మళ్లీ నీళ్లకు పరుగెత్తాడు.