గంగామణి కత్తి

చెరకు కత్తి దబ్బున దిగి మొద్దులో ఇరుక్కుంది. గంగామణి రెండు చేతులతో దాన్ని ఊడలాగింది.

"దాని మెడ గిట్లనే తెగాలె."

చాట ముందేసుకుని బీడీల ఆకు కత్తిరిస్తున్న మరియమ్మ తల ఎత్తలేదు. "ఎవరి మెడ?"

"వేల్పూర్ ధనలక్ష్మిది. నా మొగుణ్ని ఎగరేసుకపోయింది. ఈ బోధన్లనే ఉన్నదట. మొఖం సూడలే, పేరొక్కటే ఎరుక."

"నీ మొగుడేడి?"

"దాన్ని గూడ తన్ని, ఎటో ఎల్లిపోయిండట."

ఇల్లు విడిచి వెళ్లే రోజు అడ్డం నిలబడితే, మొగుడు మహేష్ గంగామణి ముందుపన్ను రాలగొట్టాడు. ఆ సందులో నాలుక తగిలినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండిపోతుంది. బాల్కొండ నుంచి కత్తితో దిగి, మరియమ్మ ఇంట్లో అద్దెకు చేరి నాలుగు రోజులైంది.

"మొద్దువారింది, ఇటియ్యి. నూరి ఇస్త," అంది మరియమ్మ. "గని మూడు ఆదివారాలు నాతోటి ప్రార్థనకు రావాలె. అటెన్క నీ ఇష్టం."

ఎప్పుడో విరిగి వంకరగా అతికిన వేలితోనే రాయిమీద తళతళలాడేలా నూరి ఇచ్చింది. మనసెరిగిన మనిషి దొరికిందనుకుంది గంగామణి.

రెండో ఆదివారం చర్చి నుంచి వచ్చాక మరియమ్మ మెల్లగా అంది. "క్షమిస్తే నీకే నిద్రవడ్తదే."

గంగామణి కత్తి పిడితో ఆమె నుదుటిమీద కొట్టింది. నెత్తురు కంట్లోకి కారింది.

"ఇంకోటి కొడ్తవా? కొట్టు," అంది మరియమ్మ, కొంగు అదుముకుంటూ.

గంగామణి కత్తి జారవిడిచి, మొగుడు వదిలిపోయిన తర్వాత మొదటిసారి భోరున ఏడ్చింది. మరియమ్మ నెత్తుటి చేతులతోనే ఆమెను పట్టుకుని ప్రార్థన చేసింది. ఆ పూట గంగామణి కడుపునిండా తిన్నది.

మూడో ఆదివారం పౌలు పాస్టరు సాక్ష్యాలు చెప్పమన్నాడు. ఆయన్ని వాడలో ముసలివాళ్లు ఇప్పటికీ పాత పేరుతో హన్మండ్లు అనే పిలుస్తారు. గంగామణి లేచి వెళ్లి, తువ్వాలలో చుట్టి తెచ్చిన కత్తిని విప్పి బల్లమీద పెట్టింది.

"సచ్చినదాని లెక్క వచ్చిన. యేసయ్య లేపిండు. ఆ ధనలక్ష్మి ఎదురైనా ఇగ నరక. మంచినీళ్లు ఇస్త."

"ఇంకెవరన్నా?" అన్నాడు పాస్టరు.

మరియమ్మ వచ్చి, కత్తి గంగామణి చేతికందేంత దూరంలో, ఆమె ముందు మోకరించింది. నుదుటి గాయం ఇంకా మానలేదు. మెడ వంచింది.

"బాప్తిస్మం కాకముందు, నేను వేల్పూర్ ధనలక్ష్మిని."