ఎవరి తరఫు

"ఎవరి తరపు బిడ్డా నువ్వు?"

నోటి దాకా తెచ్చిన ముద్ద ప్రవల్లిక చేతిలోనే ఆగిపోయింది. ఎదురుగా కొత్త పట్టుచీర కట్టుకున్న ముసలామె నిలబడి ఉంది.

"పెళ్లికొడుకు తరఫు" అంది ప్రవల్లిక.

"పిలగాని పేరేంది మరి?"

ప్రవల్లికకు తెలియదు. షామియానా గేటు దగ్గర పేర్లు రాసి ఉన్నాయో లేదో కూడా చూడలేదు. ఆగి చూస్తే ఇక కాళ్లు ముందుకు పడవని తల వంచుకుని లోపలికి వచ్చేసింది.

"సందీప్" అంది, నోటికి వచ్చిన పేరు.

"సంపత్" అంది ముసలామె.

పూరీలు వడ్డిస్తున్న మనిషి ఇటు తిరిగాడు. గరిటె పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు.

"ఏమైంది నర్సవ్వా? ఎవలీ పిల్ల?"

ప్రవల్లిక చెవులు వేడెక్కాయి. పక్కన తింటున్నవాళ్లు కూడా తలలెత్తారు. పళ్లెం కింద పెట్టి పరిగెత్తాలనిపించింది.

"ఏం లేదురా. సంపత్ దోస్తు చెల్లెలట. నువ్వు పోయి నీ పని సూసుకో" అంది నర్సవ్వ.

అతను వెళ్లిపోయాడు. నర్సవ్వ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది.

"ఇగ నిజం జెప్పు."

"నేనెవరి తరఫూ కాదు అవ్వా. ఆకలేసి వచ్చాను."

"సదువుకున్న పిల్ల లెక్కనే ఉన్నవు. ఏం కష్టమొచ్చింది?"

"ఒక సంస్థలో వలంటీరుగా చేస్తున్నాను. పిల్లలకు చదువు చెప్తాను. జీతం ఉండదు. ఖర్చులకని నెలకు కొంచెం స్టైపెండ్ ఇస్తారు. అది వచ్చే వారం గానీ రాదు."

నెల మొదట్లో ప్రవల్లిక అన్నీ సరిగ్గానే సర్దుకుంటుంది. గది అద్దె, గ్యాస్, ఫోన్ రీచార్జి, సెంటర్‌కి ఆటో. నెల సగం దాటేసరికి ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఈ నెల పన్ను నొప్పి వచ్చి, తిండికని విడిగా తీసి పెట్టుకున్నదంతా డాక్టరుకు పోయింది. అప్పటినుంచి పొద్దున టీలో ఒక ఖారీ బిస్కెట్టు, మధ్యాహ్నం సెంటర్లో పిల్లలు తినగా గిన్నె అడుగున మిగిలిన కిచిడీ, రాత్రికి మరమరాలు. ఇవాళ ఆదివారం. సెంటర్ లేదు, కిచిడీ లేదు. సూరత్ బయట పల్సానాలో షామియానా వేస్తుండటం నిన్న సంస్థ పని మీద వెళ్తూ ఆటోలోంచి చూసింది. తానుండే తెలుగువాళ్ల బస్తీ ఉన్‌లో అయితే ఎవరో ఒకరు గుర్తుపడతారు. ఇంత దూరంలో ఎవరు చూస్తారులే అనుకుంది.

"ఇంట్ల అడగొచ్చు గదా?"

"నాన్న వద్దంటున్నా సూరత్ వచ్చాను. రూపాయి కూడా అడగనని చెప్పి మరీ వచ్చాను."

"నాయిన ముందల చెయ్యి సాపనీకి సిగ్గయింది. గీడ కాలేదా?"

నర్సవ్వ కోపంగా అనలేదు. మామూలుగా అడిగినట్టే అడిగింది. పళ్లెంలో బగారన్నం చల్లారిపోతోంది.

"ఆ సంచిల ఏంది?"

ప్రవల్లిక హ్యాండ్‌బ్యాగును ఒళ్లోకి లాక్కుంది. జిప్పు సందులోంచి టిష్యూ కాగితం కనబడుతోంది. దానికి నూనె మరకలు.

"పూరీలు" అంది నేల వంక చూస్తూ. "రాత్రికి."

నర్సవ్వ లేచి వెళ్లింది. మనుషుల్ని పిలుచుకొస్తుందనుకుంది ప్రవల్లిక. ఆమె ఒక కవరు నిండా పూరీలు, ఇంకో పళ్లెంలో రెండు జిలేబీలు పట్టుకుని తిరిగొచ్చింది. కవరు ప్రవల్లిక బ్యాగులో తనే కుక్కింది.

"తిను. ఏడ్సుకుంట తింటే ఒంటికి పట్టది."

ప్రవల్లిక తిన్నది. ఆపలేకపోయింది. అన్నం మళ్లీ పెట్టించుకుంది, జిలేబీలు రెండూ తినేసింది. ముసలామె పక్కనే కూర్చుని చూస్తోందని తెలిసీ, వేళ్లు నాక్కుంది. ఆ తర్వాత తలెత్తి ఆమె మొహం చూడలేకపోయింది.

"వెళ్తాను అవ్వా. మీ మేలు మరచిపోను."

"తిని ఊకెనే పోతరా? పెండ్లి పిల్ల నా మనుమరాలే. నేను నిన్ననే ఊర్నించి వచ్చిన. ముహూర్తం ఇంక గంట ఉన్నది. నాలుగు అక్షింతలు ఏసి దీవించి పో."

"నా చేతులతో వద్దు అవ్వా."

"సదువు జెప్పే చేతులు. మంచిదే."

నర్సవ్వ ఆమె మణికట్టు పట్టుకుని షామియానా వెనక గదిలోకి తీసుకెళ్లింది. నలుగురైదుగురు ఆడవాళ్ల మధ్య చాప మీద పెళ్లికూతురు కూర్చుని ఉంది. ఎర్రచీర, మెడ నిండా పూలదండ, గడ్డం రొమ్ముకు ఆనేంతగా వంచిన తల. నర్సవ్వ ప్రవల్లిక చేతిలో అక్షింతలు పోసింది. జిలేబీ పాకానికి అవి వేళ్లకు అతుక్కుపోయాయి.

దులిపి వేద్దామని ప్రవల్లిక వంగింది. పెళ్లికూతురు తలెత్తింది.

వర్షిణి. ఉన్ సెంటర్లో తన దగ్గర చదువుకునే తొమ్మిదో తరగతి పిల్ల. జ్వరమని వారం రోజులుగా రావడం లేదు. 'మీలో ఎవరికైనా ఇప్పుడే పెళ్లి చేయాలని చూస్తున్నారని నాకు తెలిస్తే చాలు, ఎక్కడున్నా వచ్చి ఆపుతాను' అని ఆ తరగతికి ప్రవల్లిక ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ పిల్ల మొహం ఒక్కసారిగా విప్పారింది. ప్రవల్లిక జిగట చేతిని తన రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, దగ్గరికి లాక్కుని, ఆడవాళ్లకు వినపడకుండా చెవిలో అంది:

"నాకెరుకే దీదీ, మీరొస్తరని. పోలీసోళ్లు బయట ఉన్నరా?"