లేపి ఆపమన్నాడు

“ఓ అమ్మా! క్రేను బండి కొననీకేనా పోతున్నరు?”

వెనక నుంచి ఎవరో పిలిచారు.

కొమురమ్మ అడుగు ఆగిపోయింది. గల్లీ మలుపైనా తిరగలేదు, అప్పుడే వెనక పిలుపు!

తిరిగి చూసింది. మెడకు మఫ్లరు చుట్టుకున్న ముసలాయన. ఎన్నడూ చూసిన మొహం కాదు.

“ఎవలయ్యా నువ్వు? పొయ్యేటోళ్ళను ఎన్కనుంచి పిలుస్తరా?”

జవాబు కోసం ఆగలేదు. కొడుకు అంజన్ చెయ్యి పట్టుకుని మళ్ళీ ఇంట్లోకి లాక్కొచ్చింది. కూర్చోబెట్టి చెంబెడు నీళ్ళు తాగించింది.

“అవ్వా, దళారి ఎదురుచూస్తుంటడే.”

“చూడనియ్యి. శకునం మంచిగ లేదు. అసలు గా బండే వద్దురా. పాల యాపారం ఏం పాపం చేసిందిరా?”

“బర్రెలను అమ్మినంక చెప్తున్నవా?”

కొమురమ్మ కొట్టం వైపు చూసింది. మాదన్నపేటలో తాతల నాటి నుంచి పాలు పోసిన ఇల్లు. ఇప్పుడు కొట్టంలో గుంజలు తప్ప ఏమీ లేవు. బర్రెలన్నీ కలిసి ఆమె కొంగులో ముడై కూర్చున్నాయి.

అంజన్ కొనబోయేది మామూలు లారీ కాదు. మిలిటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న పాత బండి. వెనక ఇనుప క్రేను. కలప దుంగను ఇనుప తాడుతో లేపి లారీకి ఎత్తుతుంది. హమాలీలు భుజాలు కాయలు కాసేలా చేసే పనిని అదొక్కటే చేస్తుందని అంజన్ సంబరం.

తాడు తెగితే? బండి బోల్తా కొడితే? మూసీలో పడితే?

కొమురమ్మకు భయపడటానికి కారణం అక్కర్లేదు. కొడుకు ఉంటే చాలు.

కాసేపాగి మళ్ళీ బయల్దేరారు. ఏటి ఒడ్డున కలప అడితి. దళారి వైకుంఠం నవ్వుతూ ఎదురొచ్చాడు.

“బండి మాలిక్ ఏడీ?” అంది కొమురమ్మ.

“పానం మంచిగ లేదమ్మా, ఇంట్ల పండుకున్నడు. అంతా నా మీదనే ఇడిశిండు.”

హ్యాండిల్ వేసి తిప్పితే బండి దగ్గి దగ్గి స్టార్టయింది. టేకు దుంగ లేచింది. వెంటనే దిగింది. మళ్ళీ లేచింది. మళ్ళీ దిగింది.

“చూసిన్రా? ఏనుగు! మేత గూడ అడగది,” అన్నాడు వైకుంఠం.

“లేపుడు, దించుడు కాదు బిడ్డా. లేపి ఆపమను.”

పొద్దుటి గొంతే. దుంగల చాటున మఫ్లరు ముసలాయన!

అంజన్ అటు తిరిగాడు. “ఎందుకు బాపూ?”

వైకుంఠం మొహం మాడింది. కొమురమ్మ చెవి దగ్గరికి వంగాడు.

“హమాలీల మేస్త్రి అమ్మా. క్రేను వస్తే వాళ్ళ కూలి పాయె. గందుకే బేరం చెడగొడ్తుండు.”

కొమురమ్మకు అంతా అర్థమైపోయింది. పొద్దున ఇంటిదాకా వచ్చిందీ ఇందుకే! ఒకడి కళ్ళు ఇంతగా మండుతున్నాయంటే బండి మంచిదే అయి ఉండాలి. తెల్లారినప్పటి నుంచీ లేని ధైర్యం ఆమెకు అప్పుడు వచ్చింది.

“ఒక్కపారి ఆపి చూస్తనే అవ్వా.”

“ఏం చూడకు! రాహుకాలం వస్తున్నది. ముంగట పైసలు చేతుల వెట్టు.”

“తల్లీ, నా మాట...”

“నీ నోట్ల మన్నువడ! నా కొడుకు బతుకుతుంటే ఓర్వలేవా?”

వంగి పిడికెడు దుమ్ము తీసి విసిరింది.

ముసలాయన మఫ్లరు దులుపుకున్నాడు. అంజన్ వంక ఒకసారి చూసి, తలొంచుకుని వెళ్ళిపోయాడు.

కొంగు ముడి కొమురమ్మే విప్పింది.

బండి పనికెక్కిన మూడోనాడే జరిగింది. లేచిన దుంగ గాల్లో ఆగలేదు. కింద గొలుసు సర్దుతున్న అంజన్ కాళ్ళ మీదికి జారింది.

దవాఖానలో మంచం పక్కన కొమురమ్మ కూలబడింది. కుడికాలు దక్కుతుందన్నారు. ఎడమ కాలి సంగతి అడిగితే డాక్టరు ఆమె వైపు చూడలేదు. మత్తులో అంజన్ “అవ్వా, అవ్వా” అంటున్నాడు. ఆమె చేయగలిగిందల్లా పెదాలకు తడిబట్ట అద్దడమే.

వార్డు గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. మఫ్లరు తీసి చేతుల్లో పట్టుకున్న ముసలాయన.

“బిడ్డ ఎట్లున్నడు తల్లీ?”

కొమురమ్మ లేచి ఉరికింది. “నీ నోరే తాకింది! సల్లగైందా నీ కడుపు? పో! నీ నీడ గూడ పడొద్దు నా కొడుకు మీద!”

ఆయన రెండు చేతులూ జోడించాడు. గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ వెనకే మొగులయ్య వచ్చాడు. గడ్డపారలతో దుంగను తప్పించి అంజన్‌ను రిక్షాలో వేసుకొచ్చిన హమాలీ అతనే.

“మొగులయ్యా, మీ మేస్త్రికి చెప్పు. నా ఉసురు ఊకె పోదు.”

“ఏ మేస్త్రి?”

“ఇప్పుడే మెట్లు దిగిండు సూడు, గా ముసలోడు.”

“హమాలీల మేస్త్రిని నేనే అమ్మా.”

కొమురమ్మ చేతిలోని తడిబట్ట జారింది.

“మరి గాయన ఎవలు?”

“రామలింగం. క్రేను లేపిన దుంగను ఆపదని చెప్పే అమ్మాలె అని దళారితోని మస్తు లొల్లి పెట్టుకున్నడు. బేరం కాడికి రావద్దని దళారి అన్నా ఇనలే.”

“గాయనకేం పని మా బేరంతోని?”

మొగులయ్య ఖాళీ మెట్ల వైపు చూశాడు.

“మీరు కొన్న బండి గాయనదేనమ్మా.”