మాల్టా ఎండ

"ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు కదా సార్. ఇక నయం కాదని డాక్టరు ఏమైనా చెప్పారా?" స్పీకరులో ప్రయాణ బీమా అమ్మాయి అడిగింది.

"నాతో ఎవరూ ఏమీ అనలేదమ్మా," అన్నాడు మా ఆయన మాల్కమ్, టీలో బిస్కెట్టు ముంచుతూ. "డాక్టరు మాటలన్నీ మా ఆవిడే వింది. నేను బయట పేపరు చదువుకుంటున్నా. ఇదిగో, గ్లెనిస్ పక్కనే ఉంది, అడుగు."

వినే పని నాకు వదిలేసి హాయిగా పేపరు చదివిన మనిషి. అప్పటినుంచీ ఆ మాట నా ఒక్కదాని గొంతులోనే ఉంది. లేదని అబద్ధం చెబితే, రేపు మాల్టా దీవికి వెళ్లి ఆసుపత్రి పాలైనప్పుడు ఆ బీమా చెల్లదు. అవునంటే ఆయన వింటాడు.

"మేడమ్, లైన్లో ఉన్నారా?"

"మాల్టా వద్దులేమ్మా. అక్కడ ఎండ నాకు పడదు," అని ఫోన్ పెట్టేశాను.

మాల్కమ్ బిస్కెట్టు పక్కన పెట్టాడు.

"పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ స్వాన్‌సీ వానను నువ్వు తిట్టని రోజు లేదు. ఎండ, ఎండ అని నా ప్రాణం తోడేశావు."

నేను కప్పులు తీయబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నాకు తెలియకూడదనుకుంటే, ఇంకేదైనా అబద్ధం చెప్పాల్సింది గ్లెనిస్."